బావగారు చేసిన కుట్ర

తను స్వయంగా అనుభవించని మాటకి అర్థం రాయడం బావగారి దృష్టిలో మహాపాపం. నిఘంటువు ఆఫీసులో పనిచేసే మనిషికి ఇంతకంటే ప్రమాదకరమైన నియమం ఇంకోటి ఉండదు. ఇంగ్లీషు మాట రాసిన చీటీ ఆయన చేతిలో పెట్టారంటే, ఆ మాట ఆయన నెత్తికెక్కి దిగేదాకా కలం కదిలేది కాదు.

ఆఫీసు ఒక పాత భవనంలో పై అంతస్తు. రెండు పొడుగాటి బల్లలు, గోడ పొడుగునా చీటీల సొరుగులు, కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టులోంచి రోజంతా టకటకలు. అప్పట్లో అక్కడ ఇంగ్లీషు 'ఐ' అక్షరం సంపుటం తయారవుతోంది. 'ఐడిల్' అంటే పనీపాటా లేకుండా కూర్చోవడం అని చిన్నపిల్లలైనా చెబుతారు. బావగారు ఆ మాటకి పదకొండు రోజులు తీసుకున్నారు. చేతులు కట్టుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే, "కాస్త ఆగండి, పనిలో ఉన్నాను" అనేవారు.

'ఇల్లిటరేట్' వచ్చిన రోజున చదువు రానివాడిలా ఉండాలని పొద్దున్నించీ ఒక్క అక్షరం వైపు కూడా చూడలేదు. సాయంత్రం ఏదో బస్సెక్కి ఊరి అవతలి కొసకి చేరారు. అక్కడ ఎవరినో బతిమాలి ఫోను చేయించుకుంటే, భార్య వెళ్ళి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. 'ఇంప్రిజన్' కోసం సామాన్ల గదిలో కూర్చుని బయట తాళం వేయించుకున్నారు. తాళం వేసిన బంట్రోతు ఆ సంగతి మరిచిపోయి పోస్టాఫీసు పని మీద వెళ్ళిపోయాడు. నాలుగు గంటల తర్వాత బయటపడ్డ బావగారు, 'తలుపు అవతల అందరికీ రోజు మామూలుగా గడిచిపోతున్న చప్పుడు వింటూ ఉండిపోవడం' అని రాశారు. అది చదివి ప్రధాన సంపాదకులైన పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం చూసి ఎదురు బల్ల దగ్గర ఒక మనిషికి ఒళ్ళు మండింది. ఆవిడ బావగారికి స్వయానా మరదలు, అంటే ఆయన భార్యకి చెల్లెలు. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీలో కూర్చుని, రోజుకి పది చీటీల చొప్పున, ఒక్క కామా కూడా తప్పు పోకుండా రాసుకుంటూ వస్తోంది. ఆవిడ చీటీ చదివి ఎవరి కళ్ళూ ఏనాడూ చెమర్చలేదు. తప్పుల్లేని పనిని రెండోసారి చూసే అవసరం ఎవరికుంటుంది?

పైగా ఆయన్ని అక్కడికి తెచ్చింది తనే. గడియారాల కంపెనీ మూతపడి బావగారు ఇంట్లో కూర్చుంటే, అక్క మొహం చూడలేక, పెద్దాయన్ని కాళ్ళావేళ్ళా పడి బతిమాలి ఆ ఉద్యోగం ఇప్పించింది. ఇప్పుడు బంట్రోతు టీ ముందు బావగారికే ఇస్తాడు. పాఠకుల ఉత్తరాలన్నీ బావగారి అర్థాల గురించే వస్తాయి. అక్క ఇంటికి వెళితే, మీ బావ ఇవాళ ఏం చేశారే అని ఆవిడ కూడా ముసిముసిగా నవ్వుతూ అడుగుతుంది. మరదలు మాట మార్చేసేది. బావగారంటే ఇష్టం లేక కాదు. చిన్నప్పుడు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. అయినా ఇష్టం దారి ఇష్టానిది, కుళ్ళు దారి కుళ్ళుది.

ఇలా ఉండగా పెద్దాయన ఒకరోజు అందరినీ పిలిచి, ఈ సంపుటం అచ్చయ్యాక తను తప్పుకుంటానని చెప్పారు. మొదటి పేజీలో తన పేరు కింద సహ సంపాదకులని ఇంకొక పేరు వేస్తారట. ఆ పేరు గలవాళ్ళే రేపు తన కుర్చీలో కూర్చుంటారట. పంతొమ్మిదేళ్ళలో మరదలి పేరు ఒక్క పుస్తకంలోనూ అచ్చు కాలేదు. ఆ పేజీలో తన పేరు ఏ సైజు అక్షరాల్లో ఉంటే బాగుంటుందో కూడా ఆవిడ అప్పటికప్పుడే ఆలోచించేసుకుంది. సరిగ్గా ఆ వారమే 'ఇంట్రీగ్' అన్న చీటీ బావగారి వంతుకి వచ్చింది.

మాట పుట్టుక రాయడం మరదలి పని. లాటిన్‌లో చిక్కు పెట్టడం అనే మాట ఇటలీ, ఫ్రాన్సు తిరిగి ఇంగ్లీషులో చేరిందని రెండు నిమిషాల్లో రాసి అవతల పెట్టింది. బావగారికి అది చాల్లేదు. పార్సిళ్ళు కట్టే పురికొస ఉండ తెప్పించి చిక్కులు పెట్టడం మొదలుపెట్టారు. అందరూ భోజనాలు చేసి వచ్చేసరికి ఆయనా, ఆయన కుర్చీ, బంట్రోతు ఎడమ చెయ్యీ ఒకే ముడిలో ఉన్నాయి. మరదలే కత్తెర తెచ్చి ముగ్గురినీ విడిపించింది. కుర్చీని కూడా కలిపి చెబుతున్నాను, ఎక్కువ నలిగింది అదే.

ఇక అర్థాలు మూడు. కుతూహలం రేపడం మొదటిది. బావగారు ఒక అట్టపెట్టె మీద 'తెరవకూడదు' అని రాసి గుమ్మం దగ్గర పెట్టారు. సాయంత్రానికల్లా ఆఫీసులో ప్రతివాళ్ళూ దాన్ని ఒకసారి ఊపి చూశారు. పెద్దాయన రెండుసార్లు ఊపారు. దొంగచాటు ప్రేమ వ్యవహారం రెండోది. దానికి ఆయన పరాయివాళ్ళ జోలికి పోలేదు. భార్యకే రహస్యంగా ఉత్తరం రాసి, ఆరింటికి గ్రంథాలయం వెనక గోడ దగ్గరికి రమ్మన్నారు. అక్క యాభై రెండేళ్ళ వయసులో కొత్త చెప్పులు వేసుకుని, కూతురితో కూరగాయలకని అబద్ధం చెప్పి వెళ్ళింది. మర్నాడు చెల్లెలికి ఆ ముచ్చట చెబుతూ తెగ సిగ్గుపడింది. మరదలు ఇంటికి వచ్చి మొగుడి వంక చూసింది. ఆయన పేపరు చదువుకుంటున్నాడు. ఆ వారమంతా తనకి ఎందుకు చీవాట్లు పడ్డాయో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

మూడోది అసలు అర్థం. కుట్ర, పన్నాగం, గూడుపుఠాణి. అక్కణ్ణించి బావగారి వాలకం మారిపోయింది. మెట్ల మీద బంట్రోతుతో మంతనాలు. అచ్చాఫీసు ఫోర్‌మన్ వస్తే సామాన్ల గదిలోకి లాక్కెళ్ళడం. మరదలు లోపల అడుగు పెట్టగానే అందరూ ఒక్కసారిగా ఎండల గురించి మాట్లాడుకోవడం. నిజానికి రహస్యం దాచడం ఆయనకి బొత్తిగా చేతకాదు. "ఇప్పుడు మనం గుసగుసలాడాలి, దగ్గరికి రండి" అని గదంతా వినపడేలా చెప్పి, ఆ తర్వాత గుసగుసలాడేవారు.

ఒకనాడు మరదలు తన పాత చీటీల కోసం సొరుగు లాగితే ఖాళీగా ఉంది. పక్క సొరుగూ ఖాళీయే. తన చేత్తో ఏళ్ళ తరబడి రాసినవి ఒక్కటీ లేవు. బావగారి బల్ల కింద గోనెసంచిలోంచి ఒక చీటీ తొంగి చూస్తోంది, దాని మీద ఉన్నవి తన అక్షరాలే. తన కష్టాన్ని ఆయన సొంత పనిగా చూపించుకుని మొదటి పేజీ ఎక్కబోతున్నారని నిశ్చయించుకుంది. ఎదురుగా వెళ్ళి నిలదీస్తే పోయేది. కానీ అసూయ పట్టిన మనిషికి అంత తిన్నని దారి కనిపించదు. ఆవిడ ఆకాశరామన్న ఉత్తరం రాసింది.

ఎడమ చేత్తో వంకర అక్షరాలు రాస్తే ఎవరూ పోల్చుకోలేరని ధీమా. పంతొమ్మిదేళ్ళ అలవాటు మాత్రం ఎడమ చేతిలోకీ వచ్చేసింది. పైన బావగారి పేరు, పక్కన బ్రాకెట్లో 'నామవాచకం'. కింద వరసగా, '1. సోమరి. 2. ఇతరుల చీటీలు కాజేయువాడు. 3. పెద్దల కుర్చీలపై కన్ను గలవాడు.' తర్వాత ఉదాహరణ వాక్యం: 'ఇతని పేరు వేసినచో సంపుటం పరువు పోవును.' అన్నిటికంటే కింద, 'ఇవి కూడా చూడండి: పనికిమాలినవాడు.' పొద్దున్నే ఎవరూ రాకముందు ఆ కాగితం పెద్దాయన బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

మూడు రోజులు ఏమీ జరగలేదు. నాలుగో రోజున పెద్దాయన అందర్నీ తన గదికి పిలిపించారు. బల్ల మీద గోనెసంచి ఉంది. మరదలు తలుపు పక్కన నిలబడింది.

పెద్దాయన చెప్పిన సంగతి ఇది. సహ సంపాదకులుగా బావగారి పేరే వేద్దామని ఆయన ఎప్పుడో నిర్ణయించుకుని, ఆ మాట బావగారితో అన్నారట. బావగారు వద్దని ఊరుకోలేదు, ఆఫీసంతటినీ కూడగట్టి పెద్దాయన నిర్ణయం మీదే కుట్ర చేశారు. సంచిలో ఉన్నవి మరదలి చీటీలు. ఒక్కొక్క చీటీకి దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసిన పేజీ గుండుసూదితో గుచ్చి ఉంది. అలాంటివి వేలున్నాయి. అన్నిటి మీదా, వేస్తే మరదలి పేరే వెయ్యాలని ఒక అర్జీ, దాని కింద బంట్రోతుతో సహా అందరి సంతకాలూ, ఫోర్‌మన్ సంతకం పక్కన చిన్న సిరా మరకా ఉన్నాయి.

"నా పేరు మీద అచ్చయిన పుస్తకాల్లో సగానికి పైగా నువ్వే రాశావు," అన్నారు పెద్దాయన. "నేనెప్పుడూ గమనించలేదు. తప్పు నాదేనమ్మా. మొదటి పేజీలో నీ పేరు ఉంటుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. అన్నేళ్ళుగా కోరుకున్న మాట చెవిన పడినా మరదలికి సంతోషం రాలేదు. పెద్దాయన ఉత్తరం ఊసే ఎత్తకపోవడం ఆవిడకి అంతుబట్టలేదు. తన బల్ల దగ్గరికి వచ్చి తల వంచుకుని కూర్చుంది. కాసేపటికి బావగారు వచ్చి నాలుగు మడతల కాగితం ఒకటి ఆవిడ ముందు పెట్టారు.

"ఆ రోజు అర్జీ పెడదామని పొద్దున్నే దొంగలా దూరాను, మరదలా. వెళ్ళేసరికి బల్ల మీద ఇది ఉంది. పెద్దాయన చూడకముందే జేబులో వేసుకున్నాను."

"చదివారా, బావగారూ?"

"చదివాను. రెండో అర్థం బాగా కుదిరింది. ఒక్క మాట ఎక్కువ లేదు."

మరదలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తనే రాశానని, కుళ్ళుకుని రాశానని, ఆయన్ని అందరూ మెచ్చుకుంటుంటే చూడలేకపోయానని గబగబా చెప్పేసింది. బావగారు తెలుసులే అన్నట్టు చెయ్యి ఊపారు. ఆకాశరామన్నల్లో 'ఇవి కూడా చూడండి' అని రాసేవాళ్ళు ఈ ఊరు మొత్తానికి ఎంతమంది ఉంటారని అడిగారు. ఆవిడ ఏడుస్తూనే నవ్వింది. ఆయన మొహం మాత్రం వాడిపోయే ఉంది.

"నన్ను చూస్తే కోపంగా ఉందా?" అంది మరదలు.

"నీ మీద కోపమేమిటి, నా బాధ వేరే," అంటూ ఆయన జేబులోంచి 'ఇంట్రీగ్' చీటీ తీశారు. మూడో అర్థం దగ్గర ఖాళీగా ఉంది. "ఇందులో కీడు తలపెట్టాలట. మొదట అలాగే చేద్దామని కూర్చున్నాను. మూడు రోజులు ఆలోచించినా ఎవరి పేరూ తట్టలేదు. సరేనని నీకు మేలు తలపెట్టాను. అది కుట్ర కిందికి రాదని పెద్దాయన కొట్టేశారు. అనుభవం లేకుండా నేను రాయలేను, అది నీకు తెలుసు."

మరదలు కళ్ళు తుడుచుకుని ఆయన వైపు చూసింది.

"నీకుంది కదా తల్లీ," అన్నారు బావగారు, ఎత్తిపొడుపు లేకుండా, పక్కింట్లో నిచ్చెన అడిగినంత మామూలుగా. "నువ్వు రాసిపెట్టు."

రోజుకి పది చీటీలు రాసే మనిషి ఆ ఒక్కదానికి నాలుగు రోజులు తీసుకుంది. పెన్ను పట్టుకుని, కిటికీలోంచి వీధిలోకి చూసి, మళ్ళీ కొట్టేసి, మళ్ళీ రాసింది. చివరికి చీటీ మీద నిలిచింది ఇది: 'తనకి మేలు చేస్తున్న మనిషిని, ఆ సంగతి కనుక్కునే ఓపిక లేక, చాటుగా దెబ్బ తీయబోవడం.' ఉదాహరణ వాక్యం రాయలేదు. రాయాల్సిన చోట సిగ్గేసిందట.

ఏ చీటీ అయినా ఇంకొకరు సరిచూసి సంతకం పెడితేనే అచ్చుకి వెళ్ళాలి. ఆ చీటీ సరిచూసింది బావగారు. వెనక్కి తిప్పి, అభిప్రాయం రాసే గడిలో గుండ్రటి అక్షరాలతో ఆయన రాసింది రెండే ముక్కలు: 'రాసినవారు అనుభవజ్ఞులు. మార్పులు అక్కర్లేదు.'