దోమతెర కప్పిన కట్టెకుప్ప

“పురుగు నీకు సుట్టమా ఏందే?”

బోథ్ ఊరి రైతు లింగారావు రోజారాణిని మొట్టమొదట అడిగిన మాట ఇది. అడగడం కూడా కాదు, కసరడం. నిరుడు గులాబీరంగు పురుగు ఆయన పత్తిని సగానికి సగం తినేసింది. దాని మీదే పరిశోధన చేస్తున్నానంటూ ఒక పిల్ల వాకిట్లో నిలబడితే ఇంకెవరి మీద పడతాడు?

రోజారాణిది సిరిసిల్ల. తండ్రి సాంచెల మీద బట్ట నేసే కూలీ. పీహెచ్‌డీలో నాలుగో ఏడు. ఆమె తేల్చిన సంగతి చిన్నదే. పత్తి ఏరాక పీకిన కట్టెను పొయ్యిలోకని ఇంటి వెనక కుప్ప వేస్తారు కదా, ఆ కట్టెకు మిగిలిన ఎండుకాయల్లో పురుగు ఎండాకాలమంతా పడుకుంటుంది. వానలు పడ్డాక రెక్కలొచ్చి, పూతకొచ్చిన చేనుకు పోతుంది. ముందే కుప్పలు తగలబెడితే పీడ చాలావరకు వదులుతుంది.

ఇది ఊరికి చెప్పి రమ్మని యూనివర్సిటీ ఒక బ్యానరు, ఒక మైకు ఇచ్చింది. ‘ప్రజల చెంతకు విజ్ఞానం’ మీద మనవాళ్ళ భక్తి బ్యానరుతోనే తీరిపోతుంది. లింగారావు భార్య లీలాబాయి ఒక్క మాటతో మైకు మూయించింది: “కట్టె కాలవెడితె పొయ్యిల నీ కాగితాలు వెట్టాల్నా బిడ్డా?”

చెబితే వినరు, చూపించాలి అనుకుంది రోజారాణి. లింగారావు కుప్పను మూడు వేలకు బేరమాడి, డబ్బు యూనివర్సిటీ ఇస్తుందని మాటిచ్చి, దాని మీద పెద్ద దోమతెర కప్పింది. శ్రావణంలో చేను పూతకొచ్చేసరికి తెరకు లోపలివైపు బూడిదరంగు రెక్కల పురుగులు వందలకొద్దీ పట్టుకుని ఉన్నాయి. ఒక సందెవేళ ఊరిని పిలిచింది.

ఊరొచ్చింది. డబ్బు రాలేదు.

“మూడు వేలేవి?”

“బిల్లు పెట్టిన కాకా, వస్తయి.”

“సాంచెలోళ్ళ పిల్ల నాకు పత్తి నేర్పుతదట! పైసలొచ్చినంక సూపియ్యి నీ తమాషా!” అంటూ లింగారావు తెరను ఒక్క గుంజు గుంజాడు.

పురుగులు గుప్పున లేచి, జనం నెత్తుల మీదుగా చేనువైపు పోయాయి. అందరూ కళ్ళారా చూశారు. చూసి ఏం తేల్చారు? గీ పిల్లనే తెచ్చి ఇడిసింది!

“గవి నీ కట్టెలకెల్లి వచ్చినయి కాకా!”

“నీ తెరలకెల్లి వచ్చినయి. మేమందరం సూడలేదా?”

మిగతా కుప్పలైనా కాల్చండని బతిమాలింది. ఒక్కరూ కాల్చలేదు. “పైసలు తేకుండ మా ఊళ్ళె కాలువెట్టకు” అన్నాడు లింగారావు.

యూనివర్సిటీ వెబ్‌సైటులో ఆ సాయంత్రం ఫొటో ఉంది, తెర గుంజక ముందుది. కట్టె అమ్మినవాడికి జీఎస్టీ నంబరు లేదని బిల్లు తిప్పి పంపారు. లింగారావుకు మూడు వేలు ఇంకా బాకీ.