నిచ్చెనను ఎందుకు తీసుకున్నట్టు?

ఆ కాలంల హైదరాబాద్ చుట్టూ ఏ చెలకల చూసినా ఒక ఇంజనీరింగ్ కాలేజీ మొలుస్తుండె. పోయినేడు జొన్న వేసిన తావున ఈ ఏడు కంప్యూటర్ ల్యాబ్. మొయినాబాద్ దగ్గర మా కాలేజీ కూడా అట్ల మొలిచిందే. చదువు అయిపోతే చాలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలోళ్లు వచ్చి చెయ్యి పట్టుకొని తీసుకపోతరని ఊరూరా ఒకటే నమ్మకం. మా బాపు కూడా నమ్మిండు గాని, ఒక షరతు పెట్టిండు. "దీపాలు పెట్టే యాళ్లకు ఇంట్ల ఉండాలె. లేకుంటే ఆ చదువు బందు. చేవెళ్లల డిగ్రీ చెయ్యి." బాపు చెడ్డోడు కాదు. పొద్దుగూకినంక ఆడపిల్ల బస్సు దిగితే నలుగురు నాలుగు మాటలంటరని ఆయన ఫికర్. ఆ నలుగురు ఎవరో నాకు తెలుసు, వాళ్లకు జవాబు చెప్పే నోరు కూడా నాకున్నది. అయితే ఆ నోరే ఆయన రెండో ఫికర్.

కష్టమంతా మా కాలేజీ గేటు కాడ ఉన్నది. గేటు నుంచి పెద్ద రోడ్డు దాకా ఒక్క బస్సు పట్టేంత మట్టిబాట. ముందున్న బస్సు కదిలితేనే ఎనుకది కదలాలె. మా చేవెళ్ల బస్సు అన్నిటికంటె ఎనుక. మేము చేవెళ్లకు చేరేసరికి మా ఊరి ఎర్రబస్సు అప్పుడే పోయి ఉంటది, దాని దుమ్ము మాత్రం మా కోసం ఆగి ఉంటది. తర్వాతి బస్సుకు చీకటి. బాపు రోడ్డు మీద టార్చిలైటు పట్టుకొని నిలబడి, నా మొఖం మీద ఒక్కసారి వేసి, ఏమీ అనకుండ ముందు నడుస్తుండె. తిట్టినా బాగుండు అనిపించేది. వచ్చే ఏడు కూడా ఇట్లనే అయితే బందేనని ఒక్కసారి చెప్పి ఊకున్నడు.

ఎవరు ముందు పోవాలె అనే లొల్లి తెగక, మా ట్రాన్స్‌పోర్ట్ సారు ఒక పద్ధతి పెట్టిండు. ఏడాదికోసారి ఉన్న నాలుగు బస్సులు బాస్కెట్‌బాల్ ఆడాలె. గెలిచిన వరుసలనే ఏడాదంతా గేటు కాడ నిలబడాలె. (బాస్కెట్‌బాలే ఎందుకంటే మా దగ్గర ఉన్నది ఆ కోర్టు ఒక్కటే. అది కూడా ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేటోళ్లకు చూపించనీకి కట్టింది. వాళ్లు వచ్చిన రోజే రింగుకు వల కడుతుండ్రి, పోంగనే విప్పి బీరువాల పెడుతుండ్రి.) హాస్టల్ పిల్లలకు బస్సు లేదు కాబట్టి వాళ్లను టీములకు పంచేటోళ్లు. పోయినేడు ఆఖర్ల వచ్చిన బస్సు ముందుగాల ఎంచుకోవాలె. అంటే మేమే.

హాస్టల్ల ఆ ఏడు బొంగరమని ఒక పిల్లగాడు చేరిండు. పొట్టోడు, గాని బంతి పట్టుకుంటే మనిషి కనవడడు. కాలేజీ మొత్తం వాణ్ని చూసి లొట్టలేస్తున్నది. మా కెప్టెన్, ఫైనలియర్ లీడరన్న, అందరి ముందు లేచి, గొంతు సవరించుకొని, నిచ్చెనను ఎంచుకున్నడు.

నిచ్చెన అంటే గోదావరి దిక్కు నుంచి వచ్చిన ఫస్టియర్ పిల్లగాడు. ఆరడుగుల మీద ఇంకింత, దాని మీద సోడాబుడ్డి కండ్లద్దాలు. బొంగరాన్ని మరుక్షణం శంకర్‌పల్లి బస్సోళ్లు ఎగరేసుకపోయిండ్రు.

ఆ సాయంత్రం మా బస్సుల ఇంజన్ చప్పుడు ఎవరికీ వినవడలే.

"ఏం చూసి తీసుకున్నవే అన్నా వాణ్ని?" అని నేనే మొదలుపెట్టిన.

"నిన్న హాస్టల్ల స్టూలు లేకుండ ట్యూబులైటు మార్చిండు చెల్లె. నా కండ్లతో చూసిన."

"మనకు ఆటగాడు కావాల్నా, కరెంటోడు కావాల్నా?"

"ఆట నేర్పొచ్చు. ఎత్తు నేర్పొస్తదా?"

ఎనుక సీట్లు లీడరన్న దిక్కు, ముందు సీట్లు నా దిక్కు. డ్రైవరన్న కూడా అద్దంల నుంచి మాట కలిపిండు. "కొమ్ములు చూసి ఎద్దును కొంటరా ఎవరన్న? నడక చూడాలె గని."

"నడక చూద్దామంటే ఆ పిల్లగాడు కదిల్తే కదనే" అని ముందు సీట్లకెళ్లి ఎవరో అన్నరు. లీడరన్న చేవెళ్ల వచ్చేదాకా కిటికీల నుంచి బయటికి చూసిండు.

నిజంగనే కదలలే. ప్రాక్టీసుల బంతి వస్తే కండ్లు మూసుకుంటడు. నాకు ఆగలే. క్యాంటీన్ కాడ పట్టుకొని బస్సు సంగతి, బాపు సంగతి, టార్చిలైటు సంగతి అంతా చెప్పి కడిగేసిన. "నీ ఎత్తు మా కొంప ముంచేటట్టున్నది. మీరు ఓడిపోతే నా చదువు ఖతం."

"నేను ముందే చెప్పానండీ, నాకు క్యారమ్స్ తప్ప ఏమీ రాదని. మీ లీడర్ గారు వినలేదండీ" అన్నడు. చాయ్ గ్లాసు పక్కకు పెట్టి, "మీ బస్సు ఎన్నోదైతే ఆ ఎర్రబస్సు అందుతుందండీ?" అని అడిగిండు.

ఇన్ని దినాలల్ల ఎవరూ అడగని మాట. నేను కూడా ఆలోచించలే. "రెండోదైనా అందుతది."

"అయితే ఫైనల్లో ఓడిపోవచ్చన్నమాట" అని, బరువు దిగినట్టు చాయ్ తాగి పోయిండు. నాకైతే వాడి మీద ఉన్న కొద్ది ఆశ కూడా పోయింది.

మొదటి ఆట వికారాబాద్ బస్సుతో. నిచ్చెన పోయి మా రింగు కింద చేతులు పైకెత్తి నిలబడ్డడు. ఉరకడు, ఎగరడు. కండ్లు గట్టిగ మూసుకున్నడు. (పిడుగుకు భయపడి ముడుచుకునేటోళ్లను చూసిన గని, సాగి నిలబడేటోణ్ని అప్పుడే చూసిన.) వికారాబాదోళ్లు ఏసిన బంతి ఏసినట్టు ఆ చేతులకు తాకి వాపసు పోతున్నది. ఒకటి మొఖానికి తగిలి కండ్లద్దాలు పగిలినయ్. ముక్కు ఎర్రగైంది. పక్కకు రమ్మని లీడరన్న పిలిస్తే, "పర్లేదండీ, ఎలాగూ చూడట్లేదు కదండీ" అని చేతులు మళ్ల ఎత్తిండు. కొసకు ఒక్క బంతి తేడాతో గెలిచినం.

ఫైనల్ల బొంగరం ఆ ఎత్తిన చేతుల కిందికెళ్లి పిల్లిలెక్క దూరి దూరి మమ్మల్ని ఉతికి ఆరేసిండు. మేము రెండో బస్సయినం.

తెల్లారి సాయంత్రం ఎర్రబస్సు అందింది. ఇంటికి పోతే పొద్దు ఇంకా చెట్ల మీదనే ఉన్నది. బాపు బర్రెకు కుడితి పెడుతుండె. నన్ను చూసి, "ఇంత జల్ది వచ్చినవేంది, పాఠాలు చెప్పేటోళ్లు చెప్తలేరా?" అన్నడు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. గని బందు చేస్త అనే మాట మళ్ల ఆయన నోట రాలే. చదువు సాగింది, నౌకరీ వచ్చింది.

నా వాదన మాత్రం ఆగలే. "బొంగరాన్ని తీసుకుంటే మొదటి బస్సు మనదే." "రెండోది వచ్చింది కదా చెల్లె." లీడరన్న లగ్గంల, పందిట్ల అక్షింతలు ఏసుకుంట కూడా అడిగిన. పెండ్లిపిల్ల బిత్తరపోయి చూసింది.

మొన్న మా ఫోన్ గ్రూపుల ఎవరో ఆ ఆట ఫోటో పెట్టిండ్రు. కండ్లు మూసుకొని, చేతులెత్తి నిచ్చెన. ఇంకేంది, ముందు సీట్లు, ఎనుక సీట్లు మళ్ల లేచినయ్. వంట పొయ్యి మీద ఉండంగనే, ఆ ఎంపిక ఎట్ల తప్పో నేను ఇంత పొడుగు రాసి పెట్టిన. పుట్టినరోజులకు తప్ప నోరు తెరవని నిచ్చెన, జవాబు రాసిండు. "మీరన్నదే కరెక్టండీ. నన్ను తీసుకోవడం పొరపాటే. భయంతో నిలబడ్డానంతే."

ఇన్నేండ్లకు నా మాట ఒకడు ఒప్పుకున్నడు. సంబురపడాలె. నాకేమో ఒళ్లు మండింది. "పొరపాటని ఎవరన్నరు? భయపడితే ఏంది, నిలబడ్డవా లేదా? ఆ సాయంత్రం నేను పొద్దుండంగ ఇంటికి పోయిన్నా లేదా?" అని పెట్టిన. లీడరన్న కాసుకొని ఉన్నట్టున్నడు. "అయితే ఒప్పుకున్నట్టేనా చెల్లె?" అన్నడు. ఒప్పుకోలే అని రాసిన. ఎందుకు ఒప్పుకోనో ఇంకింత రాసిన.

మా ఆయన పొయ్యి బందు చేసి, నా భుజం మీదికెళ్లి అంతా చదివి, "ఇంతకూ నువ్వు ఏ దిక్కే?" అని అడిగిండు. చేవెళ్ల బస్సుల కూసున్నప్పుడైతే అడగకముందే చెప్పేదాన్ని. ఇప్పుడు ఫోన్ పక్కకు పెట్టి, మాడిన కూర దిక్కు చూసుకుంట, ఆలోచించి చెప్త అన్న.