దానంతటదే లేచే ప్రోగ్రాం

మొన్న మా ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర లెక్కలు రాయడం నా పని. రాళ్లు ఆయనవి, రాతలు నావి. డబ్బా విప్పిన కాసేపటికే సేటు నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, స్విచ్ వేయంగనే బిల్లుల ప్రోగ్రామే లేవాలె. మిగిలినయన్ని దానెన్క" అన్నాడు. నాకు చేతనైన కొద్ది విద్యల్లో అదొకటి. స్టార్టప్ అనే ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలు రాసిపెడితే చాలు, ఎవరూ తట్టి లేపకుండానే ప్రోగ్రాం లేస్తుంది. ఏ స్థాయిలో లేవాలో కూడా అందులోనే చెప్పవచ్చు: హై, నార్మల్, లో. హై అన్నదానికి యంత్రం తన శక్తిని ముందుగా ఇస్తుంది. తక్కినవి మిగిలినదాంతో సర్దుకోవాలి. ‘హై’ అని కొట్టాను. సేటు సంతోషించాడు. నాకు మాత్రం హాయి అనిపించలేదు.

ఈ విద్య నేను నేర్చింది గోదావరి పక్క బొగ్గుగనుల కాలనీలో, కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో. మా బాపు గని కార్మికుడు. ఆయనకు ఫస్టు షిఫ్టు ఉన్న వారం ఇల్లంతా ఆయన చుట్టూ తిరిగేది. బొగ్గుల పొయ్యి మీద కాగిన నీళ్లు మొదట ఆయనకు, వేడి రొట్టె మొదట ఆయనకు, తర్వాత తమ్మునికి. నా వంతు వచ్చేసరికి నీళ్లూ రొట్టే ఒకే చల్లదనానికి చేరేవి. అందులో ఎవరి తప్పూ కనిపించేది కాదు; సైరన్ మోగేలోపు గని దగ్గర ఉండాల్సిన మనిషి ఆయన. తమ్ముడు ఏ సైరన్‌కు పోయేవాడో మాత్రం నేనెప్పుడూ అడగలేదు.

నేను డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సులో చేరితే బాపు ఎక్కడినుంచో ఒక పాత కంప్యూటర్ తెచ్చాడు. అది నెమ్మది. నేనూ నెమ్మదే; కాకపోతే నన్ను నెమ్మదస్తురాలన్నారు, దాన్ని డొక్కు అన్నారు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి తెరిస్తే మొండికేసేది. దాని మీద నేను టైపింగ్ సాధన చేసేదాన్ని, తమ్ముడు పాటలు కలిపేవాడు. ఒక పాటలోని డప్పు తీసి ఇంకో పాట గొంతుకు అతికించి, బతుకమ్మ పండుగకు కాలనీ అంతా వినిపించేవాడు. అతను పాటలు తెరిస్తే నా అక్షరాలు తెర మీదికి కాళ్లీడ్చుకుంటూ వచ్చేవి. అందుకని నా టైపింగ్ ప్రోగ్రాం దానంతటదే హైలో లేచేటట్టు పెట్టుకున్నాను. బియ్యం ఏరుతున్న అవ్వకు, అంటే మా అమ్మకు, ఆ సంగతి గొప్పగా వివరించాను. అవ్వ అంతా విని, "గింత దానికి కోర్సెందుకే? ఫస్టు షిఫ్టోనికి ముందు పెట్టుడు నాకెర్కలేదా?" అంది.

నా తొందరకు కారణం ఉంది. బాపుకు ఊపిరి సరిగా ఆడటం లేదు. ఇక పని చేయలేడు, అన్‌ఫిట్ అని డాక్టర్లు తేలిస్తే ఇంటి పిల్లల్లో ఒకరికి కంపెనీలో ఉద్యోగం వస్తుంది. కాలనీలో మా ఈడు వాళ్లందరి జాతకాలూ ఆ ఒక్క మాట మీదే ఉండేవి. పెద్దదాన్ని నేను, చదివింది నేను. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నట్టు కలలు కూడా కన్నాను. తమ్మునికేమో చీకటంటే భయం. కరెంటు పోతే వాకిట్లోకి వచ్చి నిలబడేవాడు. ఇక నాకు పోటీ ఎవరనుకున్నాను. బాపును అన్‌ఫిట్ చేసిన రోజు సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని, మామూలుగా చెప్పాడు: "తమ్ముని పేరిచ్చిన బిడ్డా."

నేను కూర గిన్నె ఆయన ముందుకు జరిపాను. ఆయనే మళ్లీ అన్నాడు: "నువ్వు పెండ్లి చేస్కోని పోతవ్. పోరడు ఏడికి పోతడు?"

"నన్నొక్క మాట అడుగకపోతివి బాపూ," అన్నాడు తమ్ముడు.

"అడిగేదేమున్నదిరా? కొడుకువు."

మరునాడు తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అక్కా, జర నా పాటల ప్రోగ్రాం సుత స్విచ్ వేయంగనే లేచేటట్టు పెట్టు. షిఫ్టు నుంచి వచ్చినంక తెరిచే ఓపిక ఉంటదో ఉండదో."

"నా దానికంటే పైకి పెట్టాల్నా?"

"పెట్టు. నీకిగ టైపింగ్‌తోని పనేముంది?"

అది వెటకారమో బాధో నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు. అతని పాటలను హైకి ఎక్కించి, నా టైపింగ్‌ను అన్నిటికన్నా కిందికి దించాను. బలవంతం ఎవరూ చేయలేదు. మా ఇంట్లో అలవాటు ఎంత బాగా పనిచేసేదంటే, బలవంతానికి పని పడేదే కాదు.

తమ్మునికి గని లోపలే పని వచ్చింది. నేను పెళ్లై కరీంనగర్ వచ్చాను. మొదటిసారి పుట్టింటికి వెళ్లినప్పుడు చూశాను: షిఫ్టు దిగి వచ్చిన తమ్ముడు కళ్ల చుట్టూ నలుపు పూర్తిగా పోకుండానే నిద్రపోతున్నాడు. అవ్వ మాత్రం రోజూ కంప్యూటర్ స్విచ్ వేసేదట, వాడని స్కూటర్‌ను పాడైపోకుండా అప్పుడప్పుడు స్టార్ట్ చేసినట్టు. ఆ రోజు కూడా పాటల ప్రోగ్రాం దానంతటదే లేచి, తెరంతా పరుచుకుని, ఎదురుచూస్తూ ఉంది. దాని వెనుక నా టైపింగ్ కూడా లేచే ఉంటుంది, కనపడదు, అంతే. కాసేపు చూసి అవ్వ యంత్రం ఆపి బట్ట కప్పింది. "వీడు కూసుంటలేడు," అంది నాతో. "రేపన్న కూసుంటడేమో."

ఇప్పటికీ తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా, "నువ్వే నయమక్కా, భూమి మీద ఉన్నవ్" అంటాడు. నా కుర్చీ గోదాం పక్కన కిటికీ లేని గదిలో ఉందని నేను చెప్పను. కాలం అన్నిటినీ మారుస్తుందంటారు. మా ఇద్దరికీ మాత్రం అది ఎవరో పెట్టిన వరుసలోనే నడిచింది. ఆ వరుస మార్చుకోవచ్చని మాకు తెలిసేసరికి నడవాల్సిన కాలమే అయిపోయింది.