చిన్నాయన ముక్కు

మొన్న కాప్రాలో మా ఇంట్లో వెన్న కాచుతున్నాను. నురుగు తగ్గి గిన్నె అడుగున చిటపటలు మొదలవగానే గరిటెతో ఒక చుక్క తీసి, ఊది, ఎడమచేతి వెనక రాసుకుని, వాసన చూసి నాకేశాను. ఎవరూ చెప్పలేదు, చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాతే గుర్తొచ్చింది. ఈ అలవాటే మా చిన్నాయన ముక్కును తినేసిందని, అది కనిపెట్టిన తెలివైనదాన్ని నేనేనని చుట్టాలందరికీ చెప్పుకు తిరిగినదాన్ని నేను.

మా నాన్నకు తమ్ముడైన చిన్నాయనకు చిలకలగూడలో నెయ్యి దుకాణం ఉండేది. ముందు గదిలో దుకాణం, తెర వెనక పొయ్యి, ఆ వెనక ఇల్లు. అప్పట్లో నేనూ ఆ ఇంట్లోనే ఉండేదాన్ని. బోయిన్‌పల్లి అవతలి ఊళ్ల నుంచి పొద్దున్నే వెన్న డబ్బాలు దిగేవి. ఆయన ఒక్కో డబ్బాలో వేలు ముంచి, చేతి వెనక రాసుకుని, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. ఏ డబ్బాలో పాత వెన్న కలిసిందో, ఏ ఊరి గేదె పత్తిగింజలు తిన్నదో చెప్పేవాడు. రెండోది కొంచెం గొప్పకు చెప్పేవాడని నా అనుమానం, వెళ్లి గేదెను అడిగి వచ్చినవాళ్లెవరూ లేరు. పొయ్యి దగ్గర నిలబడి కాచేది చిన్నమ్మే అయినా, దించమనే మాట మాత్రం ఆయనదే. పెళ్లయి ముప్ఫై ఏళ్లయినా, వాసన ఎలా ఉందని ఆమెను ఆయన ఒక్కనాడూ అడగలేదు.

ఒక ఏడాది వానల్లో పట్టుకున్న జలుబు చలికాలం వచ్చినా వదల్లేదు. నుదురు బరువు, కళ్ల కింద నొప్పి, లేవగానే వరసగా తుమ్ములు. ఆవిరి పట్టాడు, వాము మూట కట్టి పీల్చాడు. సైనస్ లేని ఇల్లు సికింద్రాబాద్‌లో ఎక్కడుంది అని అందరం తేలిగ్గా తీసుకున్నాం. డిసెంబరులో ఒక సాయంత్రం టీచరమ్మ వచ్చేదాకా అంతే. ఆవిడ పెద్దావిడ, ప్రతి క్రిస్మస్‌కూ అరిసెలకు మా నెయ్యే తీసుకునేది. ముందురోజు కొన్న డబ్బాను బల్ల మీద పెట్టి, పక్కన వేరే గిరాకీ ఉందని గొంతు బాగా తగ్గించి, "మీరే ఒకసారి వాసన చూడండి" అంది.

చిన్నాయన చేతి వెనక రాసుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, చాలాసేపు వాసన చూశాడు. "మంచిగనే ఉన్నదమ్మా" అన్నాడు.

రెండు బారల దూరంలో కూర్చున్న నాకు పాడైన నెయ్యి పుల్లటి కంపు కొడుతోంది. టీచరమ్మ వాదించలేదు. డబ్బా అక్కడే వదిలి, వస్తానని చెప్పి వెళ్లిపోయింది. తెర దగ్గర చిన్నమ్మ నిలబడి ఉంది. ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. ఆయనకు వాసన తెలియడం లేదు. ఎంతకాలంగా తెలియడం లేదో కూడా మాకు చెప్పలేదు. ముక్కు లేకపోతే ఆ దుకాణం లేదు, అది మా ముగ్గురికీ తెలుసు.

ముక్కు డాక్టరు లోపల బాగా వాపు ఉందన్నాడు. మందులు రాశాడు. తిండికీ దీనికీ కొందరిలో సంబంధం ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు, ఒక నెల పాలు, పెరుగు, వెన్న, నెయ్యి పూర్తిగా మానేసి చూద్దామన్నాడు. తిన్నదంతా ఒక పుస్తకంలో రాయాలి. బడిలో పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఆ పని నా మెడకు పడింది. ఆ నెల ఇంట్లో ఎవరం సుఖంగా లేం. ఆయన నల్లటి చాయ్ తాగుతూ విషం మింగుతున్నట్టు మొహం పెట్టేవాడు. పెరుగు లేని అన్నం సగంలో వదిలేసి లేచేవాడు. నేను పోలీసులా పుస్తకం పట్టుకుని, రాత్రి ఏం తిన్నావ్, చారులో ఏం పడింది అని ఆరా తీసేదాన్ని. నెల గడిచింది. వాసన రాలేదు.

డాక్టరు ఆపరేషన్‌కు రోజు పెట్టాడు. చేశాక వాసన తిరిగి వస్తుందని మాత్రం మాట ఇవ్వలేనన్నాడు. ఇంటికొస్తుంటే ఆటోలో చిన్నాయన బయటికి చూస్తూ, "గప్పుడు సుత వాసన రాకపోతే దుకాణం బంద్ చేస్త" అన్నాడు.

ఆపరేషన్‌కు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆదివారం కావడంతో, డాక్టరుకు చూపించే ముందు పుస్తకం ఒకసారి సరిగ్గా నింపుదామని పొద్దుటి నుంచి దుకాణంలో కూర్చున్నాను. డబ్బాలు దిగాయి. చిన్నాయన వేలు ముంచాడు, చేతి వెనక రాసుకున్నాడు, వాసన చూశాడు, నాకాడు. రెండో డబ్బాకూ అంతే. కాచేటప్పుడు గిన్నె అడుగున ఎర్రబడిన మడ్డి ఇంత తీసి నోట్లో వేసుకున్నాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అందుకే ఎన్నడూ చూడలేదు. మధ్యాహ్నానికి పద్నాలుగు సార్లయింది. నెల రోజుల పుస్తకంలో ఇది ఒక్కసారి కూడా లేదు.

"ఇది ఎందుకు చెప్పలేదు చిన్నాయనా?" అన్నాను కోపంగా.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గది తినుడెట్లయితది బిడ్డా? గది పని" అన్నాడు.

డాక్టరు ఆపరేషన్‌ను మూడు వారాలు వాయిదా వేశాడు, అది కూడా మానేసి చూడమన్నాడు. మర్నాడు డబ్బాలు దిగాయి. చిన్నాయన వేలు ముంచి, నోటి దాకా తెచ్చి, ఆగిపోయాడు. వేలిని గుడ్డకు తుడుచుకున్నాడు. తెర వైపు తిరిగి, "జెర ఇట్ల రా. ఇది ఎట్లున్నదో చూడు" అన్నాడు.

చిన్నమ్మ వచ్చింది. వాసన చూడగానే చెప్పింది, ఈ డబ్బా వద్దు, ఇది తీసుకోవచ్చు అని. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. తర్వాత పొయ్యి దగ్గర నేను అడిగితే, "నాకు వానలప్పటి నుంచే ఎరికనే. ఖరాబైనవి చాటుకు తీసి పెడుతుంటి. ఒక్కటి తప్పిపోయింది. ఆయన అడగలే, నేను చెప్పలే" అంది. నాకు ఏడుపొచ్చింది.

మూడో వారంలో ఒక పొద్దున నేనూ చిన్నాయనా దుకాణంలో ఉన్నాం. చిన్నమ్మ పొయ్యి మీద వెన్న పెట్టి వాకిట్లో కూరగాయలు బేరమాడుతోంది. ఆయన మాట్లాడుతున్నవాడల్లా ఆగి తల ఎత్తాడు. "దించు, అడుగంటుతున్నది" అన్నాడు. నాకింకా ఏ వాసనా రాలేదు. పరుగెత్తి చూస్తే గిన్నె అడుగు అప్పుడప్పుడే నల్లబడుతోంది. దించి వెనక్కి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు, చెంపలు తడిగా ఉన్నాయి.

వాపు తగ్గింది, ఆపరేషన్ తప్పింది. నాకడం మానడం వల్లా, మందుల వల్లా, చలి పోవడం వల్లా అంటే డాక్టరు తేల్చి చెప్పలేదు. నేను మాత్రం నా ఖాతాలోనే వేసుకున్నాను. ముక్కు పూర్తిగా బాగుపడ్డాక కూడా చిన్నాయన ప్రతి డబ్బానూ తను వాసన చూసి, తెర వైపు తిరిగి "జెర చూడు" అనేవాడు. తన ముక్కు మీద నమ్మకం పోయిందేమోనని మొదట్లో అనుకున్నాను. అది ముక్కు సంగతి కాదని అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. ముప్ఫై ఏళ్లు అడగని మాటను ఆయన ఆ తర్వాత తొమ్మిదేళ్లు ప్రతిరోజూ అడిగాడు. కాలం ఆయనకు అంతకన్నా ఒక్క రోజు ఎక్కువ ఇవ్వలేదు.