సీరియల్‌లో మస్తాన్, ఫోన్‌లో కరీమున్

2023 వేసవిలో నేను నందిగామలో ఒక షుగర్ క్లినిక్‌లో నర్సుని. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, ఎప్పుడు తినాలో పేషెంట్లకు నేర్పడం నా పని. ఆ ఏడే మా డాక్టరు గారు ఒక యాప్ తెచ్చారు. వేలు గుచ్చుకుని గ్లూకోమీటర్‌లో షుగర్ చూసుకుంటే, ఆ అంకె దానంతటదే ఫోన్‌లోకి వెళ్తుంది. ఆరోగ్యం కోసమంటే జనం ఎగబడతారనుకున్నాం. ఒక్కరు ఎక్కించుకుంటే ఒట్టు.

మస్తాన్ జగ్గయ్యపేటలో సిమెంటు లారీ డ్రైవరు, ఇన్సులిన్ మీదున్న మనిషి. హైపో, అంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోవడం, స్టీరింగ్ ముందు వస్తే ఆయనకే కాదు, ఎదురొచ్చేవాళ్లకీ ప్రమాదమే. అదే చెప్పి యాప్ పెట్టుకోమన్నాను.

"పని చెప్పడానికి ఓనరు చాలడా మేడమ్, ఇంకా ఫోన్ కూడానా?" అని నవ్వేశాడు.

పక్కనున్న ఆయన భార్య కరీమున్ ముందుకు జరిగింది. "ఆయన చూసుకున్న షుగరు నా ఫోన్లో కనపడుద్దా అండి?"

"కనపడుతుందమ్మా. బాగా తగ్గితే ఎర్రగా వచ్చి మోగుతుంది కూడా."

"అయితే పెట్టండి. ఎప్పుడడిగినా 'బానే ఉన్నా' అంటారు. ఆ మాట వినీ వినీ విసుగొచ్చింది."

ఆమెకు చదువు అంతంతమాత్రమే. నా చేత మళ్లీ మళ్లీ చెప్పించుకుని, తన చేత్తో నొక్కి చూసుకునేదాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ పట్టుదల చూసి ముచ్చటేసింది.

ఫ్యాక్టరీ దగ్గర లారీలు లోడు కోసం వరసలో నిలబడతాయి. దాన్నే డ్రైవర్లు సీరియల్ అంటారు. బండి కదపకపోతే వంతు పోతుంది. ఒక మధ్యాహ్నం మస్తాన్ అన్నానికి ముందు ఇన్సులిన్ వేసుకుని క్యారేజీ విప్పబోతుండగా సీరియల్ కదిలింది. లోడయ్యాక తిందాంలే అని మూత పెట్టేశాడు. లోడెక్కి, కాటా మీద తూకం అయ్యేసరికి ఒళ్లంతా చెమటలు. వేలు గుచ్చుకుని చూసుకుంటే షుగర్ బాగా పడిపోయి ఉంది. అయినా హైవే ఎక్కి ఎక్కడైనా తినొచ్చనుకున్నాడు.

ఇంట్లో కరీమున్ ఫోన్ ఎర్రబడి మోగింది. ఆమె వెంటనే ఫోన్ చేస్తే "బానే ఉన్నా" అన్నాడు, మాట తడబడుతూ. ఆమె వాదించలేదు. వెనక బండి డ్రైవరు శీనుకు చేసింది.

"శీనూ, మీ అన్న బండి తాళం లాక్కో. తిడితే పడు. ముందు పంచదార నీళ్లు తాగించు."

శీను అన్నీ చేశాడు, తిట్లూ తిన్నాడు. లోడు బండి హైవే ఎక్కలేదు.

తర్వాత మొగుడూ పెళ్లాలిద్దరూ క్లినిక్‌కి వచ్చి ఇదంతా చెప్పారు. తాళం లాక్కోమనడం నాకైతే తట్టేది కాదు. కరీమున్ రెండు చేతులూ పట్టుకుని "నువ్వు గట్టిదానివమ్మా" అన్నాను.

అప్పటినుంచీ యాప్ గొప్పలు చెప్పడం మానేశాను. "ఇంట్లో మీ గురించి ఎవరు కంగారుపడతారు? ఈసారి వాళ్లనీ తీసుకురండి" అంటాను. అలా జంటగా వచ్చినవాళ్లే ఎక్కువగా దాన్ని వాడుతున్నారు.

మొన్న మస్తాన్ చెకప్‌కి వచ్చాడు. రోజూ షుగర్ చూసుకున్నట్టు యాప్‌లో కనపడింది. "యాప్ బాగా అలవాటైందే!" అన్నాను.

"యాప్ గొడవ నాకు తెలీదు మేడమ్. నా అంకె కనపడేదాకా ఆవిడ అన్నం ముట్టదు. అందుకని గుచ్చుకుంటున్నా."