తన్నని తుపాకీ, మా రేంజి మేడం

ఇది రాయడం మానేద్దామనే అనుకున్నాను. తుపాకి పట్టడం నేర్పిన మనిషి గురించి డెబ్బై దాటిన మోటారు వైండింగు మెకానిక్ రాస్తే ఎవరు చదువుతారులే అని బద్ధకించాను. బద్ధకమని పైకి అంటున్నాను గానీ, అసలు సంగతి భయం. ఆవిడ పోయారన్న కబురు రాయదుర్గం మెట్రో మెట్ల మీద ఉండగా ఫోనులో వచ్చింది. జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదట. అయ్యో అనుకునే లోపలే నా చెయ్యి కుడి చెంప మీదికి పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికే ఇదంతా.

నానక్‌రామ్‌గూడ దాటాక ఉన్న చిన్న షూటింగు రేంజికి ఆవిడ ఇన్‌ఛార్జి. పోలీసు కొలువు చేసి రిటైరయ్యారు. మేమందరం మేడం అనేవాళ్ళం. నన్ను అక్కడ చేర్పించింది మా అల్లుడు. "ఇంట్లో కూర్చుని బాగున్న మిక్సీలు విప్పుతున్నారు మామయ్యా, ఆదివారాలైనా బయటికి రండి" అన్నాడు. మిక్సీ గురించి ఒక్క మాట. తిరిగి బిగించడం వచ్చినవాడికి విప్పే హక్కు ఉంటుంది. నాకు వచ్చు. సరే, అది అల్లుడికీ నాకూ ఉన్న పాత తగాదా.

మేడం దగ్గర నాకు వింతగా తోచింది ఒకటుంది. ఎవరు పేల్చినా ఆవిడ ఉలిక్కిపడేవారు. చెవులు మూసుకుని ఉన్నా సరే, ప్రతిసారీ. సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏంటి మేడం, ఇంత సర్వీసు చేసి కూడా అలవాటు కాలేదా?"

"కాలే. కావద్దనే మొక్కుకుంట. నాకు అలవాటైన్నాడు మీరు పరేషాన్ గావాలె."

ఆవిడ పుట్టి పెరిగింది ఆ చుట్టుపక్కలే. ఇప్పుడు అద్దాల టవర్లున్న చోట అప్పట్లో బండలు పేల్చేవారట. పేల్చే ముందు ఒకడు కేక వేస్తే, తల్లులు పిల్లల్ని ఇళ్ళలోకి లాగేవారట. "కేక ఇనవడ్డది కాబట్టి బతికినం సార్. చప్పుడైనంక భయపడితె ఏం ఫాయిద?" అనేవారు. కరెంటు పనిలో నేనూ అదే నేర్చుకున్నాను. కాకపోతే షాకు కొట్టాక నేర్చుకున్నాను.

పొద్దున్నే మొదటి తూటా పేలే ముందు ప్రతి తుపాకి గొట్టంలోనూ తన చేత్తో ఇత్తడి కడ్డీ దూర్చి చూసేవారు. ముందురోజు సాయంత్రం తానే తుడిచిపెట్టినా సరే.

పోయిన దసరాకు రేంజిలోకి కొత్త కార్బైన్ ఒకటి వచ్చింది. అంటే పొట్టి రైఫిలు. భుజానికి ఆనించే పేలుస్తాం గానీ, అందులో వేసేది పిస్టల్ తూటా. నల్లగా, మెడ లేని మనిషిలా ఉంది. ఎత్తితే కంటికి కనిపించిన దానికన్నా బరువు. నాకు నచ్చలేదు. కుర్రాళ్ళకు మాత్రం చంటిపిల్లను చూసినంత సంబరం. ఒక్క తూటా పేల్చకముందే ఆయుధపూజలో పెట్టారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ. లాప్‌టాపులకు బొట్లు పెట్టే ఈ ఊళ్ళో ఆయుధపూజ నిజంగా ఆయుధానికి జరగడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు పొద్దున అందరం చేరాం. గురిపెట్టే అట్టలు వచ్చాయని మేడం గేటు దాకా వెళ్ళారు. పూజకు పెద్దరికం వహించిన కుర్రాడు తూటాలు నింపి నా చేతికిచ్చాడు.

"పెద్దవారు అంకుల్, మీరే ఫస్టు."

"మేడంగారిని రానీ బాబూ."

"నిన్ననే క్లీన్ చేసి పూజలో పెట్టాం కదా, ఫుల్ రెడీ. ఏంటంకుల్, భయమా?"

నలుగురిలో అలా అడిగితే అవునని ఒప్పుకునేంత జ్ఞానం నాకింకా రాలేదు. భుజానికెత్తాను. చెంప ఆనించాను. వేలు ట్రిగ్గరు మీదికి చేరింది.

"ఆగు! ఓ ముసలోడా, ఆగు!"

గేటు వైపు నుంచి మేడం. ఎప్పుడూ సార్ అని తప్ప పిలవని మనిషి. బిగుసుకుపోయాను.

"అట్లనే ఉండు. వేలు తియ్యి."

వచ్చి తుపాకి అందుకున్నారు. తూటాలన్నీ తీసేశారు. గొట్టంలో కడ్డీ దూర్చారు. అది సగం దాకా వెళ్ళి ఆగింది. మెల్లగా తట్టగా తట్టగా, పసుపు అంటుకున్న పచ్చటి కాడ ముక్క ఒకటి బల్ల మీద పడింది.

"ఫొటో కోసం బంతిపువ్వు గుచ్చాను మేడం... తర్వాత తీసేశాను" అన్నాడు ఆ కుర్రాడు.

"పువ్వు తీసినవ్ బిడ్డా. కాడ ఎవ్వలు తీస్తరు?"

గొట్టంలో అడ్డం ఉండగా తూటా పేలితే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు. నా చెంప వైపు ఒకసారి చూసి, వెళ్ళి కూర్చున్నారు. ఎవరో మంచినీళ్ళిస్తే గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంది.

"ముసలోడా అన్న. ఏమనుకోకుండ్రి సార్."

"ఇంకో నాలుగు అనండమ్మా" అన్నాను.

ఇంటికి పోతానంటే ఒప్పుకోలేదు. "ఇయ్యాల కొట్టకపోతె ఇగ ఎన్నడు కొట్టరు" అని, మళ్ళీ కడ్డీ దూర్చి చూసి, తానే తూటాలు నింపి, నా వెనక ఎడమవైపు నిలబడ్డారు. కాల్చాను. చప్పుడు పెద్దదే గానీ, తుపాకి వెనక్కి తన్నినట్టే భుజానికి తెలియలేదు. నిద్రలో మనవడి కాలు తగిలినంత. గుళ్ళు ఒకదాని పక్కన ఒకటి ముద్దుగా దిగాయి. ఇంకా కొట్టాలనిపించింది. కాసేపటి క్రితం గొట్టం పగిలి నా మొహం తీసుకుపోయి ఉండాల్సిన వస్తువు అంత మర్యాదగా ఉండడం చూసి ఒళ్ళు చల్లబడింది. ఆ మాటే చెప్పాను.

"తన్నే బర్రె కాడ అందరు పైలంగనే ఉంటరు సార్. తన్నని బర్రె కాడనే పైలం" అన్నారు.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు కాల్చినా, వెనకాల ఆవిడ ఉలిక్కిపడే అలికిడి ఉందిలే అన్న ధైర్యంతోనే కాల్చాను. నా భయంలో సగం ఆవిడే మోశారు.

మొన్న రేంజిలో సంతాపసభ పెట్టారు. ఆవిడ గౌరవానికి కార్బైన్‌తో నాలుగు రౌండ్లు పేలుద్దామని ఎవరో అంటే, ఆవిడ భర్త చేతులు జోడించి "వద్దు సార్, ఆమెకు చప్పుడంటె భయం" అన్నాడు. మానుకున్నారు. కొత్త ఇన్‌ఛార్జి దొరికేదాకా తుపాకుల బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చింది. నాది నిజాంపేట, దూరమన్నారు. అందరికన్నా దగ్గరలో ఉంటాడని పూజ చేయించిన కుర్రాడికే ఇచ్చారు. అతను దాన్ని బైకు తాళాల రింగుకు తగిలించుకున్నాడు. బయటికొచ్చి, ఆ గుత్తిని బైకు సీటు మీద పెట్టి, ఫోను మోగితే మాట్లాడుతూ చెట్టు నీడలోకి నడిచాడు. నేను గేటు దగ్గర నిలబడి, కేక వేద్దామా అనుకుంటూ సీటు వైపే చూస్తున్నాను. షేర్ ఆటో వచ్చింది. ఎక్కాను.