కొండ మీది కాలేజి కతల నేను దొరికిపోయిన తీరు

మొన్న కూకట్‌పల్లిల నా పరువు ఎట్ల పోయిందో చెప్తా, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వితే మాత్రం మధ్యలనే లేచి పోత.

పోలీస్ యాక్షన్ అయినంక మా బడిల తెలుగు మొదలువెట్టి నన్ను పంతులుగ ఏసిన్రు గద. గప్పుడే మా బావమరిది బెజవాడకెల్లి ఒక డిటెక్టివ్ నవల తెచ్చిచ్చిండు. అడివి నడుమ కొండ, కొండ మీద కాలేజి. గేటుకు ఎప్పుడు చూడు తాళమే. లోపలికి పోయిన పిల్లలు ఇంటికి ఉత్తరం రాయొద్దు. లోపలి ముచ్చట బయట చెప్పనని ఒట్టు పెట్టాలె. ఒకనాడు పొద్దుగాల ప్రిన్సిపాల్ తన గదిల సచ్చిపడి ఉన్నడు. తలుపుకు లోపల గొళ్లెం పెట్టే ఉన్నది.

గంత మంచి కత ఒక్కన్నే చదువబుద్ధి కాలే. బడి ఇడిచినంక మా అరుగు మీద కూసొని గట్టిగ చదువుడు షురూ చేసిన. మొదటిరోజు నలుగురు వచ్చిన్రు. నాలుగోరోజుకు మూసాపేటకెల్లి సుత నడిచొచ్చిన్రు. వాళ్లల్ల ఎవ్వరూ కాలేజి మొఖం చూసినోళ్లు కాదు. గంట మోగిందని నేను చదివితే అందరు ఊపిరి బిగవట్టేది. హంతకున్ని కనిపెట్టుడు చదువుకున్నోళ్లకే కష్టమని నేను మీసం దువ్వేది.

ఎదురింటి సత్తెమ్మవ్వ రోజూ వచ్చేది. మోదుగాకుల విస్తర్లు కుట్టి బతుకుతది. తల ఎత్తది, చెయ్యి ఆపది.

ఆఖరి రోజు ఆగలేక మధ్యాహ్నమే బడిల ముగింపు చదివిన. హంతకుడు కతల యాడా లేని మనిషి. రంగూన్‌కెల్లి ఆఖరి పేజీల దిగిన ప్రిన్సిపాల్ తమ్ముడట. గొళ్లెం సంగతి రాసినాయన మర్చేపోయిండు. పది దినాల సంది గింతమందిని ఊరించి, గిది ఏ మొఖంతోని చదవాలె?

అందుకే పుస్తకం ముంగట పట్టుకొని సొంతంగ అల్లిన. లెక్కల మాస్టరు, గోడల దొంగతలుపు, గంట తాడు. అందరు నోరు తెరుచుకొని విన్నరు. చెప్తున్న నాకే రోమాలు లేచినయి.

అయిపోయినంక సత్తెమ్మవ్వ తల ఎత్తింది.

"పంతులూ, గిది పుస్తకంల లేదు గదా?"

ఉన్నదన్న. అక్షరాల మీద వేలు పెట్టి సుత చూపెట్టిన.

"నువ్వు పేజీ తిప్పేటాళ్లకు నాకొక విస్తరి అయితది బిడ్డా, రోజూ. ఇయ్యాల ఏడు అయినయి. పేజీ ఒక్కటి తిరగలే."

ఆమె పక్కన పేర్చిన విస్తర్లు నేను లెక్కపెట్టిన. ఏడే. ఆ డిటెక్టివు భూతద్దం పట్టుకొని కొండంత తిరిగిండు గాని, ఇంతటి చూపు అతనికి యాడిది? నాకు సిగ్గు తర్వాత వచ్చింది. ముందు ఆమెకు దండం పెట్టబుద్ధి అయింది.

ఇగ చేసేది లేక అసలు ముగింపు చదివిన. రంగూన్ తమ్ముడు దిగంగనే మూసాపేటోళ్లు లేచి చెప్పులు వెతుక్కున్నరు. అవ్వ వాళ్లను కూసొమ్మన్నది.

"నీ అబద్ధమే బాగున్నది పంతులూ. మళ్ల చెప్పు. ఈపారి జర పేజీలు తిప్పుకుంట చెప్పు."

చెప్పిన. రోజూ బడిల పిల్లలకు చదువుడు నేర్పుతున్న నేను, గంట తాడు కాడికి రాంగనే మళ్ల మర్చిపోయిన. ఆకు మీదికెల్లి తల ఎత్తకుంటనే ఆమె మెల్లగ అన్నది.

"ఇగ తిప్పు."